థెరపిస్ట్ బోర్డు చూసి లోపలికి వెళ్లిపోతున్నారా? ఆందోళన జబ్బుకు, ఆలుమగల గొడవకు వైద్యం చేసేవాళ్ల వెనుక ఏ చదువు ఉండాలంటే..

కొత్తగూడెం: రాత్రి షిఫ్ట్‌కు టిఫిన్ బాక్స్ సర్దుకుని బయల్దేరిన ఓ సింగరేణి కార్మికుడు సగం దారిలో బండి ఆపేశాడు అనుకుందాం. గుండె దడదడ కొట్టుకుంటోంది. చేతులు వణుకుతున్నాయి. ఊపిరి అందట్లేదు. ఇక అయిపోయింది, పోతున్నా అనిపించింది. ఆస్పత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీశారు, నార్మల్. బీపీ కాస్త ఎక్కువ, అంతే. గ్యాస్ అయ్యుంటుందన్నారు. వారం తిరక్కుండా మళ్లీ అదే. మూడోసారికి మనిషి డ్యూటీకి పోవడమే మానేశాడు.

ఇప్పుడు ఇంట్లో సంగతి చూడండి. మొదటి రెండుసార్లు భార్య కంగారు పడింది. మూడోసారి ఏడ్చింది. నాలుగోసారి, "ఈసీజీ బాగానే ఉందంటున్నారుగా, నీకు డ్యూటీకి పోవడం ఇష్టం లేక నాటకాలు" అనేసింది. ఆ మాటతో ఇంట్లో రెండో జబ్బు మొదలైంది. నాగాలు పెరిగితే జీతం తగ్గుతుంది, జీతం తగ్గితే ఈఎంఐ ఆగుతుంది, ఈఎంఐ ఆగితే గొడవ. గొడవైన రాత్రి మళ్లీ దడ.

ఇది కల్పించి చెప్పిన ఉదాహరణే. కానీ పాల్వంచ, ఇల్లందు, మణుగూరు, అశ్వారావుపేట.. ఎక్కడ అడిగినా ఇలాంటి ఇల్లు ఒకటి గుర్తుకు రాక మానదు. దడను డాక్టర్లు పానిక్ అటాక్ అంటారు. అది మళ్లీ మళ్లీ వస్తూ, ఎప్పుడొస్తుందో అన్న భయంతోనే మనిషి బతుకుతుంటే పానిక్ డిజార్డర్. ఆందోళన జబ్బుల్లో ఇదొకటి. మరి ఈ ఇంటికి ఎవరు కావాలి? గుండె డాక్టరా, నరాల డాక్టరా, పెద్దమనుషులా? "థెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి" అని ఈ మధ్య రీల్స్‌లో అందరూ చెప్పేస్తున్నారు. ఏ థెరపిస్ట్? ఆ మనిషి ఏం చదివి ఉండాలి? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

కౌన్సెలింగ్ అంటే మనకు తెలిసింది వేరు

తెలుగు వార్తల్లో కౌన్సెలింగ్ అనే మాట రోజూ వినిపిస్తుంది. ఇంజినీరింగ్ సీట్లకు కౌన్సెలింగ్. రౌడీషీటర్లకు పోలీసుల కౌన్సెలింగ్. తాగి బండి నడిపితే కుటుంబసభ్యుల ముందు కౌన్సెలింగ్. డ్యూటీలకు ఎగనామం పెట్టే కార్మికులకు యాజమాన్యం కౌన్సెలింగ్. భార్యాభర్తలు స్టేషన్‌కు ఎక్కితే అక్కడా కౌన్సెలింగే.

వీటన్నింటిలో జరిగేది దాదాపు ఒక్కటే. ఎదుటి మనిషిని కూర్చోబెట్టి మంచీ చెడూ చెప్పడం, కాస్త బెదిరించడం, సంతకం పెట్టించుకుని పంపించేయడం. దానికి దాని ఉపయోగం ఉందేమో గానీ అది వైద్యం కాదు. కుటుంబ న్యాయస్థానాల్లోనూ కౌన్సెలర్లు ఉంటారు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టమే అందుకు వీలు కల్పించింది, ముందు రాజీకి ప్రయత్నించాలని జడ్జిలకు కూడా చెప్పింది. అక్కడి లక్ష్యం కేసు తేలడం. రాత్రిపూట దడ తగ్గడం కాదు.

థెరపీ దీనికి పూర్తిగా భిన్నం. అందులో సలహా చాలా తక్కువ. తప్పెవరిదో తేల్చడం ఉండదు. జబ్బు ఎలా మొదలైంది, ఏది దాన్ని రోజూ మేపుతోంది అనేది కనిపెట్టి, ఆ అలవాటును కొద్దికొద్దిగా మార్చే పని అది. కొన్ని వారాలు పడుతుంది. హోంవర్క్ కూడా ఉంటుంది, నిజంగానే నోట్‌బుక్, పెన్ను పట్టుకుని చేసే హోంవర్క్.

బోర్డు మీద పదాల వెనుక చట్టం ఏమంటోంది?

మన దేశంలో మానసిక వైద్యానికి సంబంధించి పెద్ద చట్టం మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్-2017. ఇది 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఎవరిని ఏమని పిలవాలో అందులో స్పష్టంగా రాశారు.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ అయ్యాక సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ డాక్టర్ కాదు, మందులు రాయరు. అయితే సైకాలజీలో పీజీ చేసి, ఆపైన క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎంఫిల్ చేయడం ఇన్నేళ్లుగా ఇందుకు ప్రధాన దారి. ఆ రెండేళ్లూ క్లాసులో కూర్చుంటే సరిపోదు. ఆస్పత్రిలో రోగులను చూస్తూ, పైన సీనియర్ పర్యవేక్షణలో పనిచేయాలి. బెంగళూరులోని నిమ్హాన్స్, రాంచీలోని సీఐపీ లాంటి చోట్ల ఈ కోర్సు దశాబ్దాలుగా నడుస్తోంది. సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కూ ఇలాంటి శిక్షణే ఉంటుంది. రోగితో పాటు ఇంటిల్లిపాదితో పనిచేయడం వాళ్ల ప్రత్యేకత.

క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. దీన్ని ఆర్‌సీఐ అంటారు. 1992లో వచ్చిన చట్టం ఇది. ఆ రిజిస్టర్‌లో లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని రాసి ఉంది. వెయ్యి రూపాయలు 1992లో పెద్ద మొత్తమే. ఇప్పుడు హెల్మెట్ లేకపోతే కట్టే చలాన్ల పక్కన పెట్టి చూస్తే నవ్వొస్తుంది.

ఇక కౌన్సెలర్, థెరపిస్ట్, రిలేషన్‌షిప్ కోచ్, లైఫ్ కోచ్. అసలు గందరగోళం ఈ పదాలతోనే. ఒక మంచి యూనివర్సిటీలో కౌన్సెలింగ్ సైకాలజీ పీజీ చేసి, ఏళ్ల తరబడి అనుభవం ఉన్నవాళ్లూ కౌన్సెలర్లే. రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించుకున్నవాళ్లూ కౌన్సెలర్లే. బోర్డు చూస్తే తేడా తెలియదు. సైకాలజిస్టులు, మానసిక ఆరోగ్య రంగంలోని ఇతర ఉద్యోగులను ఒక గొడుగు కిందకు తేవడానికి 2021లో కేంద్రం అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. అప్పటిదాకా సంగతి ఎలా ఉన్నా, వచ్చే మనిషి అడిగి తెలుసుకోవడమే ఇప్పటికి రక్షణ.

దడను చూసి పారిపోతే అది వెంటపడుతుంది

ఆందోళన జబ్బుకు వైద్యం చేసే మనిషికి ఏం తెలిసి ఉండాలో అర్థం కావాలంటే, ముందు ఆ జబ్బు ఎలా పనిచేస్తుందో చూడాలి.

అడవి దారిలో పాము కనిపించిందనుకోండి. ఆలోచించే లోపే ఒళ్లు సిద్ధమైపోతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కాళ్లకు పరుగెడుతుంది, ఊపిరి వేగంగా ఆడుతుంది. అడ్రినలిన్ చేసే పని ఇది. పామును చూసి ఇలా జరగకపోతేనే ప్రమాదం. పానిక్ అటాక్‌లో ఇదంతా జరుగుతుంది, పాము మాత్రం ఉండదు. కొన్ని నిమిషాల్లోనే తారస్థాయికి వెళ్లి, దానంతటదే దిగిపోతుంది. ఎంత భయంకరంగా ఉన్నా పానిక్ అటాక్ గుండెను ఆపేయదు.

మరి జబ్బుగా ఎలా మారుతుంది? మొదటిసారి దడ వచ్చినప్పుడు మనిషి "ఇది గుండెపోటు" అనుకుంటాడు. ఆ ఆలోచనే ఇంకాస్త అడ్రినలిన్‌ను వదులుతుంది. దాంతో దడ పెరుగుతుంది. చూశావా నిజమే అనుకుంటాడు. తర్వాత బస్సు ఎక్కితే వస్తుందేమో అని బస్సు మానేస్తాడు. సంతకు పోతే వస్తుందేమో అని సంత మానేస్తాడు. మానేసిన ప్రతిసారీ కాస్త హాయిగా ఉంటుంది. ఆ హాయే ఉచ్చు. "మానేశాను కాబట్టే బతికాను" అని బుర్ర లెక్క రాసుకుంటుంది. ఇలా చివరికి గడప దాటలేని స్థితి వస్తుంది.

ఈ ఉచ్చును విప్పే దారి కనిపెట్టినవాళ్లలో ఒకరు జోసెఫ్ వోల్పే. దక్షిణాఫ్రికా డాక్టర్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో పనిచేస్తూ, యుద్ధ భయంతో కుప్పకూలిన సైనికులను చూశారు. అప్పట్లో ఇచ్చే మందులతో పెద్దగా ఫలితం లేదని ఆయనకు అర్థమైంది. భయపడేదాన్ని మెట్లుమెట్లుగా, ఒళ్లు తేలికగా ఉన్న స్థితిలో ఎదుర్కోనిస్తే భయం కరుగుతుందని 1958లో పుస్తకం రాశారు. తర్వాత అమెరికాలో ఆరన్ బెక్ 1960ల్లో కాగ్నిటివ్ థెరపీకి పునాది వేశారు. మనిషిని కుంగదీసేది సంఘటన ఒక్కటే కాదు, దానికి మనసు ఇచ్చుకునే అర్థం కూడా అన్నది ఆయన మాటల సారం. బెక్ వందేళ్లు బతికి 2021లో కన్నుమూశారు. ఈ రెండు పాయలు కలిసి వచ్చిందే ఇప్పుడు అందరూ చెప్పే సీబీటీ.

అందువల్ల ఆందోళన జబ్బులు చూసే థెరపిస్ట్‌కు సీబీటీలో, ముఖ్యంగా ఎక్స్‌పోజర్ అనే పద్ధతిలో శిక్షణ ఉండాలి. అంటే భయపడే పనినే పద్ధతి ప్రకారం చేయించడం. పానిక్ రోగిని కుర్చీలో గుండ్రంగా తిప్పుతారు, మెట్లెక్కిస్తారు, కావాలనే వేగంగా ఊపిరి తీయిస్తారు. దడ వస్తుంది, వచ్చి పోతుంది, మనిషి బతికే ఉంటాడు. పుస్తకం చదివి ఇది చేయించలేరు. మెట్టు ఎంత ఎత్తు ఉండాలి, ఎక్కడ ఆపాలి అనేది సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. "ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు" అని చెప్పి ఫీజు తీసుకునేవాళ్లకు ఈ తేడా తెలియదు. సాధారణంగా వారానికి ఒకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు పడతాయి.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఛాతీ నొప్పి, దడ మొదటిసారి వస్తే నేరుగా థెరపిస్ట్ దగ్గరికి కాదు, ముందు డాక్టర్ దగ్గరికే. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, షుగర్ పడిపోయినా ఇవే లక్షణాలు. వాటిని పరీక్షించి పక్కన పెట్టాకే ఆందోళన జబ్బు అనాలి. ఈ పరీక్షల గురించి అడగకుండానే మొదటి రోజే సెషన్ల ప్యాకేజీ అమ్మేవాళ్లను అనుమానించాలి.

మందుల సంగతీ అంతే. సైకియాట్రిస్టులు ఎక్కువగా ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు రాస్తారు. అవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది పది రోజులకే "గుణం లేదు" అని మానేస్తారు. మరోవైపు ఆల్ప్రాజోలం లాంటి మాత్ర అరగంటలో దడ తగ్గిస్తుంది. అందుకే జనానికి అదే ఇష్టం. కల్తీ కల్లు కేసుల్లో పదే పదే వినిపించే పేరు ఇదే. డాక్టర్ రాసిన కొద్దిరోజులు దాటి, చీటీ లేకుండా కొనుక్కుంటూ పోతే అలవాటై కూర్చుంటుంది. అలవాటయ్యాక ఒక్కసారిగా మానినా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

జంటకు వైద్యం.. అది వేరే చదువు

ఒక్క మనిషికి థెరపీ బాగా చేసేవాళ్లందరూ జంటకు చేయగలరని కాదు. గదిలో ఇద్దరున్నప్పుడు ఇద్దరికీ థెరపిస్ట్ తన పక్షమే అనిపించాలి. కాస్త ఎటు ఒరిగినా రెండోవాళ్లు మరుసటి వారం రారు. మన దగ్గర పెద్దమనుషుల పంచాయితీలో తరచూ జరిగేది ఇదే. తీర్పు వస్తుంది, మనసు విరుగుతుంది.

ఈ రంగంలో పేరున్న జాన్ గాట్‌మన్ మొదట గణితం చదివారు. తర్వాత సైకాలజీలోకి వచ్చి, వాషింగ్టన్ యూనివర్సిటీలో జంటలను కెమెరాల ముందు కూర్చోబెట్టి, వాళ్లు గొడవపడుతుంటే గుండె వేగం, చెమట కొలిచారు. ఆయన తేల్చిందేంటంటే, కాపురాన్ని కూల్చేది గొడవ కాదు, గొడవపడే తీరు. ఎదుటివారి పనిని కాకుండా మనిషినే తప్పుపట్టడం, వెటకారం, ప్రతిదానికీ సమర్థించుకోవడం, మాట్లాడకుండా గోడలా బిగుసుకుపోవడం.. ఈ నాలుగూ ఆయన లెక్కలో ప్రమాద సంకేతాలు. అన్నింటికన్నా ప్రమాదం వెటకారం. జంటల మధ్య సమస్యల్లో దాదాపు 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరనివేనని కూడా ఆయన చెప్పారు. తీరని సమస్యతో ఎలా కాపురం చేయాలో నేర్పడమే పని అన్నమాట. ముప్పై ఏళ్లుగా చక్కెర డబ్బా మూత గురించి కొట్లాడుకునే తాతయ్య నానమ్మలను చూసినవాళ్లు ఈ లెక్కను వెంటనే ఒప్పుకుంటారు.

ఇంకొకరు స్యూ జాన్సన్. ఇంగ్లండ్‌లో తండ్రి నడిపే పబ్‌లో పెరిగారు. మనుషులు కలుసుకోవడం, తాగి కొట్టుకోవడం, మళ్లీ కలిసిపోవడం చిన్నప్పటి నుంచీ చూశారు. కెనడా వెళ్లి 1980ల్లో లెస్లీ గ్రీన్‌బర్గ్‌తో కలిసి ఈఎఫ్‌టీ అనే పద్ధతి తయారుచేశారు. "నువ్వు నాటకాలాడుతున్నావు" అనే మాట కింద "నువ్వు లేకపోతే నేనేం కావాలి" అనే భయం ఉంటుందని, ఆ కింది మాటను బయటికి రప్పించడమే థెరపిస్ట్ పని అని ఆమె అనేవారు. 2024లో ఆమె చనిపోయారు.

అమెరికాలో జంటలకు, కుటుంబాలకు థెరపీ చేసేవాళ్లకు ప్రత్యేక లైసెన్స్ ఉంటుంది. 1963లో కాలిఫోర్నియా ఈ లైసెన్స్ మొదలుపెట్టింది. అక్కడ ఇప్పుడు లైసెన్స్ రావాలంటే పీజీతో పాటు పర్యవేక్షణలో 3,000 గంటల పని చూపించాలి. మన దేశంలో జంటల థెరపీకి విడిగా లైసెన్స్ లేదు. క్లినికల్ సైకాలజిస్ట్, సైకియాట్రిస్ట్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్.. వీళ్లలో ఎవరైనా అదనంగా శిక్షణ తీసుకుని చేస్తారు. కాబట్టి డిగ్రీ పేరు చూసి ఊరుకోకుండా "జంటలతో పనిచేయడం ఎక్కడ నేర్చుకున్నారు" అని అడగడం ఇక్కడ మరింత అవసరం.

అలాగని కుటుంబాన్ని వైద్యంలో కలుపుకోవడం మనకు విదేశాలు నేర్పిన సంగతేం కాదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణలో డేరాలు వేయించి ఉంచారు. రోగిని ఎలా చూసుకోవాలో వాళ్లకే నేర్పారు. రోగులు తొందరగా కోలుకుని ఇంటికి వెళ్లారు. నిమ్హాన్స్‌లో కుటుంబాల కోసమే ప్రత్యేకంగా ఫ్యామిలీ సైకియాట్రీ సెంటర్ నడుస్తోంది.

రెండూ తెలిసినవాళ్లు ఎందుకు కావాలంటే..

మళ్లీ మొదటి ఇంటికి వద్దాం. ఈసారి సీన్ మార్చి చూద్దాం. దడ వచ్చేది భార్యకు. కొత్తగూడెం నుంచి ఖమ్మం బస్సు ఎక్కాలంటే భయం. భర్త మంచివాడు. "నేను తీసుకెళ్తాలే" అంటాడు. కూరగాయలు తనే తెస్తాడు. పిల్లల స్కూల్ మీటింగ్‌కు తనే పోతాడు. గంటకోసారి ఫోన్ చేసి "బాగానే ఉన్నావా" అని అడుగుతాడు. "నాకేం కాదు కదా" అని ఆమె, "ఏం కాదు" అని అతను, రోజుకు ఇరవైసార్లు.

ఇందులో ప్రేమ ఉంది, అనుమానం లేదు. కానీ జబ్బును మేపుతున్నదీ ఇదే. అతను తోడు వెళ్లిన ప్రతిసారీ "తోడు ఉన్నాడు కాబట్టే బతికాను" అని ఆమె మనసు రాసుకుంటుంది. రెండేళ్లకు అతను అలిసిపోతాడు, విసుక్కుంటాడు. ఆమెకు అది నమ్మకద్రోహంలా అనిపిస్తుంది. ఆందోళన జబ్బుకు మాత్రమే వైద్యం తెలిసినవాళ్లు ఆమెను ఒంటరిగా పిలిచి బస్సు ఎక్కమంటారు. ఇంట్లో భర్త మాత్రం పాత పద్ధతే. కాపురాల గురించి మాత్రమే తెలిసినవాళ్లు "భార్యకు ఇంకాస్త తోడుగా ఉండు" అంటారు, జబ్బు ఇంకాస్త బలుస్తుంది. రెండూ తెలిసిన మనిషి భర్తను పిలిచి వేరే పని అప్పగిస్తారు. మొదటి వారం బస్సులో పక్క సీట్లో కూర్చో. రెండో వారం వెనక సీట్లో. మూడో వారం బస్టాండ్‌లో దించి వచ్చేయ్. "ఏం కాదు కదా" అని అడిగితే, "నీకు భయంగా ఉందని తెలుసు, నువ్వు తట్టుకోగలవు" అని మాత్రమే చెప్పు. తోడు ఉండటం మానమని కాదు, తోడు ఉండే తీరు మార్చమని.

అప్పుడు భార్యాభర్తలు ఒక పక్షం, జబ్బు రెండో పక్షం అవుతుంది. అంతకుముందు జబ్బు, భార్య ఒక వైపు, భర్త ఒక వైపు ఉండేవాళ్లు.

జంటగా కూర్చోబెట్టకూడని ఇల్లు కూడా ఉంటుంది

చేయి చేసుకునే ఇంట్లో, చంపేస్తానని బెదిరించే ఇంట్లో జంట థెరపీ మందు కాదు. గదిలో భార్య నోరు విప్పి నిజం చెబితే ఆ రాత్రి దానికి శిక్ష అనుభవించేది ఆమే. అందుకే శిక్షణ ఉన్న థెరపిస్ట్ మొదట్లోనే ఇద్దరితో విడివిడిగా మాట్లాడతారు. ఇంట్లో భయం ఉందా అని నేరుగా అడుగుతారు. ఉందని తేలితే జంట సెషన్లు ఆపి, రక్షణ గురించి మాట్లాడతారు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం, 181 మహిళా హెల్ప్‌లైన్, సఖి కేంద్రాలు ఉన్నవి అందుకే. దెబ్బలు తింటున్న మనిషికి నిద్ర పట్టకపోవడం, దడ రావడం జబ్బు కాదు, ఒళ్లు సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. అక్కడ పాము నిజంగానే ఉంది.

"సర్దుకుపోమ్మా" అనేసే కౌన్సెలర్ దగ్గర పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. ఎన్ని డిగ్రీలున్నా సరే.

మొదటి రోజు ఏం అడగాలి? మొహమాటం వద్దు

డాక్టర్‌ను ప్రశ్నించడం మనకు అలవాటు లేదు. కోపం వస్తుందేమో అని భయం. కానీ మంచి థెరపిస్టులు ఈ ప్రశ్నలకు కోపగించుకోరు, ఎదురుచూస్తారు. ఏం చదివారు, ఎక్కడ చదివారు? క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ నంబర్ ఎంత? ఆ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఉంది, ఫోన్‌లోనే చూసుకోవచ్చు. మా లాంటి సమస్యకు ఏ పద్ధతి వాడతారు, సుమారు ఎన్ని వారాలు? జంటలను చూసిన అనుభవం ఎంత? మందులు కావాల్సి వస్తే ఎవరి దగ్గరికి పంపుతారు?

చివరి ప్రశ్నకు జవాబు చాలా సంగతులు చెబుతుంది. "మందులు అస్సలు వద్దు, అన్నీ నేనే తగ్గిస్తా" అనేవాళ్ల నుంచి లేచి వచ్చేయడం మేలు. వంద శాతం గ్యారంటీ ఇచ్చేవాళ్ల నుంచి కూడా.

చిన్న ఊళ్లలో అందరికీ ఉండే అసలు భయం వేరే. బయటికి పొక్కితే? క్వార్టర్స్‌లో పక్కింటివాళ్లకు తెలిస్తే, డ్యూటీలో తెలిస్తే, పిల్ల పెళ్లి సంబంధం వెనక్కి పోతే? ఈ భయానికి చట్టం సమాధానం చెప్పింది. 2017 చట్టం ప్రకారం మానసిక వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. ఎవరికైనా ప్రాణాపాయం ఉన్నప్పుడు లాంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా అదే చట్టంలో ఉంది. పాలసీ తీసుకున్నవాళ్లు ఈ విషయం ఏజెంట్‌ను అడగొచ్చు.

కొత్తగూడెంలో ఉన్నవాళ్లకు దారి ఏది?

2015-16లో నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 12 రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో పెద్దల్లో దాదాపు 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందట్లేదు. ఆ 12 రాష్ట్రాల్లో పక్కనున్న ఛత్తీస్‌గఢ్ ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ లేవు. భద్రాచలం అవతలి ఊళ్ల లెక్క ఉంది, ఇవతలి ఊళ్ల లెక్క లేదన్నమాట.

అయినా పదేళ్ల కిందటితో పోలిస్తే పరిస్థితి కొంత మారింది. అప్పట్లో మానసిక వైద్యం అంటే దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్, ఎర్రగడ్డ ఆస్పత్రి. ఆ పేరే జనం నోట్లో తిట్టయింది. పేరు వింటేనే సగం మంది ఆగిపోయేవారు. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2022 నవంబర్‌లో కొత్తగూడెం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ప్రారంభమైంది. మెడికల్ కాలేజీ అన్నాక సైకియాట్రీ విభాగం ఉండాలన్నది నిబంధన. కాబట్టి కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వాస్పత్రిలో ఓపీ చీటీ తీసుకునేటప్పుడే సైకియాట్రీ అని చెప్పి, ఏ రోజుల్లో చూస్తారో అడగడం మొదటి అడుగు. సింగరేణి కుటుంబాలైతే కంపెనీ ఆస్పత్రి నుంచి రిఫర్ చేయమని అడగొచ్చు.

జంట థెరపీ, వారం వారం సీబీటీ అంత తేలిగ్గా దొరకవు. షిఫ్టులతో నడిచే ఇంట్లో ఇద్దరికీ కుదిరే గంట దొరకడమే కష్టం. ఈ వారం మొదటి షిఫ్ట్, వచ్చే వారం రాత్రి షిఫ్ట్. చాలామందికి వీడియో కాల్ థెరపీయే కుదురుతోంది. అందులో తప్పేం లేదు. ఆందోళన జబ్బులకు ఆన్‌లైన్‌లో చేసే సీబీటీ కూడా పనిచేస్తుంది. కానీ రెండు గదుల క్వార్టర్‌లో తలుపు వేసుకుని మాట్లాడే చోటు ఎక్కడ? ఇది కూడా మొదటి రోజే థెరపిస్ట్‌కు చెప్పాలి. ఆపిన కారులోనో, ఎవరూ లేని మేడ మీదో కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేసుకోవచ్చు.

భాష ఇంకో సంగతి. థెరపీ మాటలతో జరిగే వైద్యం. ఇంగ్లిష్‌లో "యాంగ్జైటీ" అంటే తల ఊపి వచ్చేసే మనిషి, "కడుపులో దేవినట్టు ఉంటుందా, గుండె జారినట్టు అనిపిస్తుందా" అని అడిగితే అరగంట మాట్లాడతారు. దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ మాట్లాడే ఇళ్లలో తెలుగు కూడా రెండో భాషే. అక్కడ ఇంటింటికీ తిరిగే ఆశ కార్యకర్తకు ఈ లక్షణాలు తెలిసి ఉండటం ఎంత పెద్ద డిగ్రీకైనా తక్కువ కాదు. దడుపు తగిలిందని తాయెత్తు కట్టించుకున్నవాళ్లను వెక్కిరిస్తే వాళ్లు మళ్లీ రారు. తాయెత్తు ఉంచుకోండి, దాంతో పాటు ఒకసారి ఆస్పత్రికి రండి అనే ఆశమ్మే గెలుస్తుంది.

ఎవరినీ కలవకుండా ముందు మాట్లాడి చూద్దాం అనుకునేవాళ్లకు టెలి మానస్ ఉంది. నంబర్ 14416. 2022 అక్టోబర్ 10న కేంద్రం ప్రారంభించింది. ఫోన్ ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ ఎత్తుతారు, అవసరమైతే పై స్థాయి నిపుణులకు కలుపుతారు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ల కోసం ఆగొద్దు. ఇదే నంబర్‌కు వెంటనే ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. రాత్రి షిఫ్ట్ దిగి తెల్లవారుజామున ఇంటికి వచ్చాక చేసినా లైన్ తెరిచే ఉంటుంది.